చంద్రమతి గారు వాయించలేదు

కాకినాడలో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ముకుందరావుకి సంగీతమంటే ప్రాణం, కానీ తప్పు స్వరం చెవిన పడితే మాత్రం ఒక్క క్షణం ఓర్చుకోలేకపోయేవాడు. ఊళ్ళో ఎక్కడ కచేరీ జరిగినా ముందు వరసలో కూర్చునేవాడు. స్వరం వెంట్రుకవాసి తప్పినా నాలుక చప్పరించేవాడు. ఆ చప్పుడుకి హడలిపోయి కొందరు గాయకులు ఆయన కూర్చున్న వైపే చూసేవారు కాదు. ఇంతా చేసి ఆయనకి తాళం వెయ్యడం తప్ప మరేదీ రాదు.

ఆయనకి ఒక్కగానొక్క కూతురు కాత్యాయని. ఎవరి పెళ్ళిలోనో ఫిడేలు విన్న దగ్గర్నుంచి ఆ పిల్లకి మరో ధ్యాస లేదు. చీపురుపుల్ల తీసుకుని కమానులా ఎడమచేతి మీద రాస్తూ కూర్చునేది.

"నాన్నా, నాకు ఫిడేలు నేర్పిస్తావా?" అని ఒకరోజు అడిగింది.

ముకుందరావు పొంగిపోయాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పిల్ల ఇంకా కమాను పట్టకముందే తొలి కచేరీకి ఏ రంగు పట్టుపరికిణీ కట్టాలో భార్య విశాలాక్షితో చర్చ పెట్టాడు.

ఇక గురువు కోసం వేట మొదలైంది. సంబంధాలు చూసినట్టే చూశాడు. వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి, "ఏదీ, ఒక కీర్తన వాయించండి వింటాం" అనేవాడు. ఒకాయనది కమాను మరీ బరువన్నాడు. ఒకావిడకి గమకం చాలలేదన్నాడు. చివరికి శేషగిరి గారు నచ్చారు. ఆయన పేరున్న విద్వాంసుడు, పైగా మంచి మనిషి. ఆయన వాయిస్తుంటే ముకుందరావు తన కాఫీ సంగతే మరిచిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ కాత్యాయనిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

శేషగిరి గారు చాప మీద ఎదురుగా కూర్చుని, శిష్యురాలితో పాటు తానూ వాయిస్తూ నేర్పేవారు. అది పాత పద్ధతే. ఆయన నాదంతో గది నిండిపోయేది. దాని కింద పిల్ల ఫిడేలు పలుకుతోందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. పడక్కుర్చీలో కూర్చున్న ముకుందరావు మాత్రం, "విన్నావా విశాలా, మన అమ్మాయి చెయ్యి అప్పుడే ఎంత తిరిగిందో!" అని మురిసిపోయేవాడు.

గురువుగారు వెళ్ళాక పిల్ల ఒక్కతే సాధన మొదలుపెడితే ఫిడేలు కీచుమనేది.

"అబ్బబ్బ! చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంది. మాస్టారు వచ్చినప్పుడు వాయించుదువుగానిలే తల్లీ" అనేవాడు. పాపం, ప్రేమగానే అనేవాడు.

"నేర్చుకునే పిల్లండీ, కీచుమనకుండా ఎలా ఉంటుంది?" అనేది విశాలాక్షి. ఆయన వినిపించుకునేవాడు కాదు. మెల్లగా కాత్యాయని ఒంటరిగా ఫిడేలు ముట్టుకోవడమే మానేసింది.

దసరాల్లో సరస్వతీ పూజనాడు ముకుందరావు ఇరుగుపొరుగునీ బంధువుల్నీ పేరంటానికి పిలిచి, మా అమ్మాయి గీతం వాయిస్తుందని చెప్పాడు. తీరా ఆ వేళకి శేషగిరి గారికి జ్వరం వచ్చి రాలేకపోయారు.

"అయితే ఏం? వచ్చిన విద్యే కదా, వాయించమ్మా" అన్నాడు ముకుందరావు.

కాత్యాయని కూర్చుని కమాను లాగింది. షడ్జం పలికింది. ఆ తరవాత గురువుగారి నాదం కోసం ఆగింది. అది రాలేదు. వేలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకచోట పెట్టింది. ఫిడేలు కీచుమంది. ముందు వరసలోంచి నాలుక చప్పరించిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు చేసింది వాళ్ళ నాన్నే. అలవాటు చొప్పున వచ్చేసింది, కావాలని చేసింది కాదు. కానీ పిల్ల చెయ్యి ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఫిడేలు పెట్టెలో పెట్టేసింది.

పేరంటానికి వచ్చినవాళ్ళలో చంద్రమతి గారని ఒక పెద్దావిడ ఉంది. బళ్ళో సంగీతం పంతులమ్మగా చేసి ఇంటిపట్టున ఉంటోంది. ఆవిడ తాంబూలం పక్కన పెట్టి పిల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నీ షడ్జం చాలా బాగుందమ్మా. అది అచ్చంగా నీదే. మిగతావాటిని కూడా వెతుక్కుందామా?" అంది.

కాత్యాయని ముక్కు తుడుచుకుని, సరేనని తల ఊపింది. ఆ రోజంతా ఆ పిల్ల మరెవరికీ సరేనని చెప్పలేదు.

ముకుందరావుకి ఇది బొత్తిగా నచ్చలేదు. "ముందు మీరొక కీర్తన వాయించండి" అన్నాడు.

"నేర్చుకోవలసింది మీ అమ్మాయి కదా బాబూ. నేను వాయిస్తే ఆ పిల్లకేం వస్తుంది? ముందు తను వాయిస్తుంటే నన్ను విననివ్వండి" అందావిడ.

ఆయన ఇంకేదో అనబోతే విశాలాక్షి అడ్డు వచ్చింది. "మీకు నచ్చిన గురువుని మీరు చూశారు. పిల్లకి నచ్చిన గురువుని ఇప్పుడు నేను చూసుకుంటాను" అంది. ఆ గొంతు విని ముకుందరావు ఊరుకున్నాడు.

అప్పట్నుంచి శేషగిరి గారి బదులు చంద్రమతి గారి దగ్గరే పాఠం, అదీ ఆవిడింట్లోనే. వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా ముకుందరావు చెవి ఒగ్గేవాడు. ఒకటే కీచులు! ఆవిడ ఫిడేలు ఒక్కనాడూ పలకలేదు. "పాఠం మానేసి ఆవిడ లోపల చిక్కుడుకాయలు ఒలుచుకుంటోందేమో" అని గొణుక్కునేవాడు. చివరికి ఓ సాయంత్రం, ఇక చాలు మానిపించేద్దామని తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాడు.

తలుపు ఓరగా ఉంది. చంద్రమతి గారు కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. కాత్యాయని సరళీ స్వరాలు వాయిస్తోంది. షడ్జం, రిషభం నిలబడ్డాయి. గాంధారం తప్పింది. ముకుందరావు నాలుక పైకి లేచింది. ఈసారి ఎందుకో పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

చంద్రమతి గారు కదల్లేదు.

"ఊహూఁ, ఇది కాదు" అంది కాత్యాయని తనలో తనే. వేలు కాస్త జరిపింది. అదీ కాదు. మళ్ళీ జరిపింది. కీచుమంది. పిల్ల బెదరలేదు. తల పక్కకి వంచి, కమాను మెల్లగా లాగింది. గాంధారం వచ్చి కుదురుగా కూర్చుంది. కాత్యాయని పకపకా నవ్వింది.

చంద్రమతి గారు కళ్ళు తెరిచి, "దొరికిందా?" అంది.

"దొరికింది మామ్మగారూ! నాకే దొరికింది!"

ఫిడేలు చేతిలో ఉండగా కూతురు నవ్వడం ముకుందరావు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. గొప్ప గొప్ప కచేరీలు విన్న మనిషి, ఆ ఒక్క గాంధారానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ పిల్ల చేతిలో విద్య నిలవకపోవడానికి కారణం ఎవరో ఆయనకి తెలిసిపోయింది. లోపలికి వెళ్ళి చంద్రమతి గారికి నమస్కారం పెట్టాడు. మానిపించడానికి వచ్చిన సంగతి ఆవిడకి చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఇంటికి నడుస్తుండగా కాత్యాయని తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఇంటికెళ్ళాక కాసేపు వాయించుకోనా? తలుపు వేసుకుంటాలే" అంది బెరుగ్గా.

"తలుపు వెయ్యకమ్మా. నేనూ వింటాను" అన్నాడు ముకుందరావు.

ఆ సాయంత్రం కాత్యాయని గాంధారం చాలాసార్లు తప్పింది. ముకుందరావు పడక్కుర్చీలో కదలకుండా కూర్చుని, తప్పినవాటినీ కుదిరినవాటినీ అన్నింటినీ విన్నాడు.

నీతి: గొప్పగా వాయించినంత మాత్రాన గురువు కారు, నేర్చుకునేవారి తప్పుల్ని ఓపిగ్గా వినగలిగినవారే గురువు, ఆ ఓపిక ముందుగా ఉండవలసింది తల్లిదండ్రులకే.