అంకయ్య తాతకు కన్నీటి నివాళి

నిరాలంబ స్వామికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. “ఇంటికి తీసుకుపోయి కొన్నాళ్ళు దగ్గర పెట్టుకో. అప్పటికీ బతికుంటే మళ్ళీ తీసుకురా” అనేవారు. చాలా ప్రశ్నలు మఠం గేటు దాటేలోపే చచ్చిపోయేవి. మాల్యాద్రి అడిగిన ప్రశ్న మాత్రం బతికింది. ఈలోగా పోయింది వేరొకరు.

రాళ్ళవాగు బస్టాండు ఎదురుగా మాల్యాద్రికి ఫ్లెక్సీల షాపు ఉంది. పుట్టినరోజు కానీయండి, నాయకుడి రాక కానీయండి, పెద్దకర్మ కానీయండి, ఆ ఊళ్ళో ఏది జరగాలన్నా ముందు అతని కంప్యూటర్లో జరగాలి. మనిషి మంచివాడే. నోరు ఊరుకోదు, అంతే. ఎవరి గొంతునైనా ఇట్టే అనుకరిస్తాడు. స్వామి దగ్గుతో సహా స్వామిలా మాట్లాడి మఠం వంటశాలలో అందరినీ కడుపుబ్బ నవ్వించేవాడు. శిష్యులకు ఒక వాట్సాప్ గ్రూపు కావాల్సివస్తే పెట్టింది అతనే. దానికి ‘సత్సంగం’ అని పేరు. పౌర్ణమి భజన ఎన్నింటికి, వంటకు ఎవరొస్తున్నారు అని మొదట్లో అందులో పద్ధతిగానే రాసుకున్నారు. తర్వాత ఎన్నికలు వచ్చాయి.

ఎరువుల కొట్టు చెంచురామయ్యది అధికార పార్టీ. లారీల దస్తగిరిది ప్రతిపక్షం. మఠంలో పక్కపక్కన కూర్చుని ఒకే విస్తట్లో ప్రసాదం తినే ఈ ఇద్దరూ గ్రూపులోకి రాగానే ఒకరి నాయకుణ్ణి ఒకరు ఉతికి ఆరేసేవారు. మిగతావాళ్ళు చెరో పక్కా చేరి ఎగదోసేవారు. వాళ్ళు అలిసిపోయిన పూట ప్రళయం వచ్చేది. దాన్ని తెచ్చేది అంకయ్య తాత. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన ముసలాయన. సముద్రం పొంగబోతోందనీ, గ్రహాలన్నీ ఒక వరుసలోకి వస్తున్నాయనీ, పెద్ద యుద్ధంలో భూమి మాడి మసైపోతుందనీ ఎక్కడెక్కడివో వీడియోలు తెచ్చి పెట్టేవాడు. కింద ప్రతిసారీ ఒకటే మాట రాసేవాడు: “అందరూ ఉన్నారా?”

ఒకరోజు మాల్యాద్రికి చెయ్యి దురద పెట్టింది. మఠం ఆరాధన నాడు తీసిన అంకయ్య ఫోటో ఒకటి తీసుకుని, దండ వేసి, దీపం పెట్టి, చుట్టూ మబ్బులూ పావురాలూ పేర్చి ఫ్లెక్సీ బొమ్మ చేశాడు. “మనకంటే ముందు బయల్దేరి పైన సీట్లు ఆపుతున్న అంకయ్య తాతకు కన్నీటి నివాళి. ఇట్లు, వెనక బస్సులో వచ్చేవాళ్ళు.” గ్రూపు పగలబడి నవ్వింది. చెంచురామయ్యా దస్తగిరీ ఒకే విషయానికి కలిసి నవ్వడం అదే మొదటిసారి. అంకయ్య రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఇక అప్పటి నుంచి ఆయన ప్రళయం అనగానే ఎవరో ఒకరు ఆ నివాళి తీసి పడేసేవారు. ఆ ఏడాది ఆయన ఎన్నిసార్లు చచ్చాడో లెక్కలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మాల్యాద్రి స్వామి ముందు కూర్చుని అడిగాడు. అడగడంలో కాస్త మెప్పు కోరడం కూడా ఉంది.

“స్వామీ, లోకం మునిగిపోతందని జనం వణికి చస్తన్నారు. లేకుంటే పార్టీల పేరు చెప్పి పళ్ళు నూరుకుంటన్నారు. అట్టాంటోళ్ళని కాసేపు నవ్విస్తే తప్పేముంది?”

“ఎవురయ్యా వణికేది?”

“మన అంకయ్య తాతే, స్వామీ.”

“దేనికంట?”

“ప్రళయానికి.”

“ఆయన చెప్పాడా, నువ్వనుకున్నావా?”

మాల్యాద్రి బుర్ర గోక్కున్నాడు. స్వామి “ఇంటికి తీసుకుపో” అని ఎప్పటి మాటే అనేసి లేచి వెళ్ళిపోయారు. ప్రశ్న అతనితోపాటు ఇంటికొచ్చింది.

ఇక్కడ ఆ మఠం కట్టుబాటు ఒకటి చెప్పుకోవాలి. అక్కడ ఉపదేశం తీసుకున్నవాడికి కులం లేదు, కర్మకాండ లేదు. పోయినవాణ్ణి దహనం చేయరు, కూర్చోబెట్టి పూడుస్తారు. మోసేదీ గొయ్యి తవ్వేదీ గురుసోదరులే తప్ప బంధువులు కారు. అదీ పొద్దు గుంకకముందే జరగాలి. ఈ దారి పట్టినందుకు అయినవాళ్ళు వెలివేసినా, ఈ ఒక్క మాట మీద ధైర్యంగా బతికినవాళ్ళు ఉన్నారు. అంకయ్య అలాంటివాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆయన నంబరు నుంచి గ్రూపులోకి ఆ పాత నివాళి బొమ్మే వచ్చింది. కింద రెండు ముక్కలు: “అంకయ్య గారు తెల్లవారుజామున కాలం చేశారు. గురుసోదరులందరూ రావలసింది.”

మాల్యాద్రి షాపులో టీ తాగుతున్నాడు. “తాతకి కూడా జోకు పట్టుబడిందిరోయ్” అని పొంగిపోయి అందరికంటే ముందు తనే రాశాడు: “పోయినాక కూడా సిగ్నల్ బాగానే ఉందే తాతా! ఏ సిమ్ము?” దాని కింద కళ్ళనీళ్ళు కారేలా నవ్వే మొహాలు వరుసలు వరుసలుగా వచ్చి పడ్డాయి. “పైన ఓటు ఏ పార్టీకి తాతా?” అన్నాడు దస్తగిరి. “మాకే. పింఛను పెంచింది మేమేగా” అన్నాడు చెంచురామయ్య. “శ్మశానానికి రోడ్డు వెయ్యని ప్రభుత్వం మీది. పాపం తాత ఎట్టా పోతాడు పైకి?” అన్నాడు దస్తగిరి. అక్కడ అంటుకుంది. రోడ్డు ఎవరి హయాంలో మంజూరైంది, కంకర ఎవరు మింగారు అని భోజనాల వేళ దాకా ఆ చావు కబురు కిందే కొట్టుకున్నారు. మధ్యలో ఎవరో సూర్యుడు పేలిపోతాడన్న వీడియో పెడితే దానికీ నవ్వారు.

మధ్యాహ్నం దాటాక షాపు ముందు ఆటో ఆగింది. స్వామి దిగారు. ఎనభై ఏళ్ళ మనిషి, మఠం దాటి బయటికి రావడమే అరుదు. మాల్యాద్రి గబగబా ఎదురెళ్ళాడు.

“పలుగూ పారా ఉన్నాయా?”

“దేనికి స్వామీ?”

“అంకయ్యకు.”

చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గాని, మాల్యాద్రికి మొదట నవ్వే వచ్చింది. సగం నవ్వాక స్వామి మొహం చూశాడు. మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది. ఆటో నడుపుతున్నతను అంకయ్య పక్కింటివాడు. పొద్దున్నుంచీ ఎవరూ రాకపోయేసరికి, మఠానికి వెళ్ళి స్వామిని అడిగి రమ్మని ముసలాయన కూతురు వెంగమ్మ అతన్ని పంపింది.

మాల్యాద్రి దస్తగిరికి ఫోను చేశాడు. “అన్నా, అంకయ్య తాత నిజంగానే పోయాడన్నా. తొందరగా రా, పొద్దు గుంకేలోపు శ్మశానానికి చేర్చాల.”

అవతల పెద్ద నవ్వు. “ఒరే మాల్యాద్రీ, ఏడుపు భలే చేస్తన్నావురా! కొంచెం ఎక్కువైంది, తగ్గించు.”

స్వామి చెయ్యి చాచి ఫోను తీసుకున్నారు. “దస్తగిరీ, నేనయ్యా. రా.” ఆ రెండు మాటలకే ఆయనకు దగ్గు వచ్చింది.

“అబ్బబ్బ! దగ్గుతో సహా దించేశాడ్రా స్వామిని!” అని దస్తగిరి పక్కనున్న ఎవరికో చెబుతూ ఫోను పెట్టేశాడు. చెంచురామయ్యకు చేస్తే, అతను పూర్తిగా వినను కూడా వినలేదు. మాల్యాద్రికి అప్పుడు తెలిసింది, ఊళ్ళో తన మాట నమ్మేవాడు ఒక్కడు లేడని. గ్రూపులో రాద్దామని ఫోను తీశాడు. ఏం రాసినా దాని కింద ఏం వస్తుందో అతనికి తెలుసు. రాయకుండానే జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

కాలనీలో అంకయ్యది ఒకే గది ఇల్లు. గడ్డానికి తువ్వాలు కట్టి ముసలాయన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి ఉంది. ముందు వసారాలో చాపలు పరిచి ఉన్నాయి. ఒక్క చాప కూడా నలగలేదు. వెంగమ్మ నలభై దాటిన మనిషి, మిషను కుట్టి తండ్రిని చూసుకుంది. స్వామి పాదాలకు దణ్ణం పెట్టి మాల్యాద్రి వైపు తిరిగింది.

“వచ్చావా తమ్ముడూ. మావాళ్ళకి కబురు పెట్టలేదు. ‘నా చావుకి నా గురుసోదరులొస్తారు, మీరెవ్వరూ అక్కర్లా’ అని నాయన వాళ్ళతో ఎప్పుడో తెగేసి చెప్పాడు.”

మాల్యాద్రి తల ఊపాడు.

“నువ్వు చేసిన బొమ్మే పెట్టా. నాయన ఫోటోల్లో అదొక్కటే బాగుంది. ‘చూడమ్మా, నేను బతికుండంగానే మావోళ్ళు నాకెంత గొప్పగా చేశారో’ అని నాకు చూపించేవాడు.”

ఆ బొమ్మలోని వెక్కిరింత అంకయ్యకు అర్థం కాలేదా, అర్థమయ్యే కూతురి దగ్గర అలా చెప్పుకున్నాడా? ఇది మాల్యాద్రికి ఎప్పటికీ తెలియదు. అడగాల్సిన మనిషి గోడకు ఆనుకుని ఉన్నాడు.

“అందరూ మంచోళ్ళు తమ్ముడూ. నాకు చదువు రాదు, కబురు రాసింది పక్కింటి పిల్ల. మీ మాటలు తెలీలేదు గాని, కళ్ళమ్మట నీళ్ళు కారే బొమ్మలు ఎన్ని పంపారో! ఇంత ఏడ్చినోళ్ళు రాకుండా ఉంటారా అని అట్టాగే కూర్చున్నా. పొద్దుపోతందని భయమేసి ఆటో పంపా.”

మాల్యాద్రి ఏదో ఒకటి అడగాలని అడిగాడు. “తాత ప్రళయానికి అంత భయపడేవాడా అక్కా?”

“ప్రళయమా?” ఆమెకు ఆ మాటే కొత్తగా ఉంది. “అదేం లేదే. నేను పోతే మొయ్యను నలుగురొస్తారో రారో అనే నాయన బెంగ. పడుకోబోయే ముందు ఏదో ఒకటి పంపి, అందరూ ఉన్నారా అని రాసేవాడు. మీరు పలికితే, ‘ఉన్నార్లే’ అని నిద్రపొయ్యేవాడు.”

కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టి ముసలాయన్ని కూర్చోబెట్టారు. ముందు కొనలు రెండూ స్వామీ మాల్యాద్రీ ఎత్తుకున్నారు. వెనక ఒకటి, మఠంతో ఏ సంబంధమూ లేని ఆటో అతను పట్టుకున్నాడు. నాలుగోది పట్టడానికి ఎవరూ లేక కూతురే భుజం పెట్టింది. కంకర తేలిన దారిలో స్వామి రెండుసార్లు తూలారు. దించుదామంటే ఒప్పుకోలేదు. కాలనీ ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు. ఆ ఊరేగింపు చూసినవాళ్ళెవరూ అంకయ్యకు అంతమంది సోదరులున్నారంటే నమ్మి ఉండరు.

శ్మశానంలో నేల రాయిలాంటి గరప. పలుగు వేస్తే నిప్పురవ్వలు లేచాయి తప్ప మన్ను లేవలేదు. మాల్యాద్రీ ఆటో అతనూ ఇద్దరే తవ్వాల్సి వచ్చింది. మాల్యాద్రి మౌసు పట్టిన చేతులు మొదటి మూరకే బొబ్బలెక్కాయి. జేబులో ఫోను గుర్రుగుర్రుమంటూనే ఉంది. ప్రతి గుర్రుకీ ఒకడు నవ్వుతున్నాడని అతనికి తెలుసు. గొయ్యి నడుము లోతు దిగేసరికే పొద్దు గుంకింది. కట్టుబాటు తప్పింది. స్వామి పడమటి వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా తనూ దోసిళ్ళతో మన్ను తోడారు. నాలుగు తిట్టినా మాల్యాద్రికి అంతకంటే నయంగా ఉండేది. మట్టి కప్పుతూ అతను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

చీకటి ముసురుతుండగా చెంచురామయ్యా దస్తగిరీ ఒకే బండి మీద వచ్చారు. మాల్యాద్రి నాటకం ఎందాకా వచ్చిందో చూసి పోదామని వచ్చారు. “ఏడ్రా మీ శవం?” అని దస్తగిరి గేటు దగ్గర నుంచే కేకేశాడు. వెంగమ్మ అటు చివర చేతిపంపు కొడుతోంది. ఆ చప్పుడులో ఆమెకు వినపడకపోవడం వాళ్ళ అదృష్టం. నాలుగడుగులు వేశాక వాళ్ళకు కొత్త మట్టి కుప్ప కనిపించింది. దాని పక్కన ఒళ్ళంతా మన్ను కొట్టుకుపోయిన స్వామి కనిపించారు. దస్తగిరి మొహంలో నవ్వు ఎలా పోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడింది.

“తెలీదు స్వామీ,” అన్నాడు. “ఒట్టు, తెలీలేదు.”

వెంగమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుని వచ్చింది. ఇద్దరినీ చూడగానే కళ్ళు నిండాయి.

“వచ్చారా అన్నా! పొద్దున్నుంచీ మీరూ ఏడుస్తానే ఉన్నారు గదా, గొంతులు ఎండిపొయ్యుంటాయి. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి.”

చెంచురామయ్య చెంబు అందుకున్నాడు గాని పైకి ఎత్తలేకపోయాడు. దస్తగిరి ఆమె కాళ్ళ మీద పడబోయి, ఎందుకో చెప్పాల్సివస్తుందని ఆగిపోయాడు. ఇద్దరూ మాల్యాద్రి వైపు చూశారు. ఇక దాచలేననుకుని మాల్యాద్రి నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. స్వామి బొబ్బలెక్కిన అతని చేతి మీద తన చెయ్యి వేసి ఆపారు. తర్వాత ఆ ఇద్దరి వైపు తిరిగారు.

“తాగండయ్యా,” అన్నారు. “మీ కోసమే తెచ్చింది.”