మా మరిది పాటల మీద మా ఇంటిల్లిపాది అభిప్రాయం

మండపేట మొత్తం గాలించినా మా ఇంటంత తెలివైన ఇల్లు దొరకదండీ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు. అందుకే మేమే అనుకుంటూ ఉంటాం.

మా మరిది గిరిధర్ పాటలు చేస్తాడు. పాడడు, వాయించడు. ఇంట్లో చప్పుళ్ళన్నీ ఫోన్లో పట్టి, లాప్‌టాప్‌లో ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అతికించి, కింద ధన్ ధన్‌మని మోత పెడతాడు. "ఒరే, ఏ జిగురు వాడుతున్నావో గానీ చీమలు పడతాయి, చూసుకో" అని మా అత్తయ్య రోజూ జాగ్రత్త చెప్పేది.

అలా ఓ ఆల్బం తయారైంది. అందులో ఓ పాట హైదరాబాదులో పాటల కంపెనీకి పంపితే, "చాలా విచిత్రంగా ఉంది. మామూలు మనుషులు విని ఏమంటారో చూశాక చెప్తాం" అన్నారట. చూడ్డానికి హిమజ అనే అమ్మాయిని పంపుతున్నారు. గిరి మాకందరికీ దండం పెట్టాడు.

"ఇది కుదరకపోతే రేపట్నుంచి నాన్న సిమెంటు కొట్లో కూర్చోవాల్సిందే వదినా. మీరు కదలకుండా వినండి. విన్నాక ఎలా ఉందో నోరారా చెప్పండి. అంతే."

"ఓస్, అంతేనా!" అన్నాం.

హిమజ వచ్చింది. గిరి స్పీకర్ పెట్టాడు. మొదటి పాటలో కుక్కర్ కూత. ఒకటి, రెండు, మూడు. పప్పు ఉడికిపోయిందని పరిగెత్తి స్టవ్ కట్టేశా. వచ్చి కూర్చున్నానో లేదో ఇంకో మూడు. మళ్ళీ పరిగెత్తి, కట్టేసిన స్టవ్‌ని ఇంకాస్త గట్టిగా కట్టేశా. అయినా కూస్తూనే ఉంది.

"ఏవండీ! కుక్కర్ పేలిపోతోందండీ!" అని అరిచా. అంతే, మా ఆయన దాన్ని తువ్వాలుతో పట్టుకుని వీధిలోకి పరిగెత్తి, పక్కింటి వాళ్ళు పోయించుకున్న ఇసకలో పప్పుతో సహా పాతిపెట్టి వచ్చారు.

రెండో పాటలో తుమ్ము. అది మా మామయ్యగారిదే, ఇల్లదిరిపోతుంది. "చిరంజీవ!" అన్నాం అందరం.

మామయ్యగారు ముక్కు తడుముకున్నారు. "నేను తుమ్మలేదే!"

"మీ తుమ్ము నాకు తెలీదూ? పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నా" అంది అత్తయ్య.

ఇంకో తుమ్ము. ఇంకోటి. "తుమ్ముతున్నట్టు కూడా తెలీనంత జలుబు చేసింది నాన్నకి" అని మా ఆయన పసుపు నీళ్ళు మరగబెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించారు. "నాకు జలుబు లేదురా!" అని దుప్పట్లోంచి మొత్తుకుంటున్నారు గానీ, పక్కనే అన్నేసి తుమ్ములు వినిపిస్తుంటే ఎవరు నమ్ముతారు?

ఇంతలో హిమజ మా అత్తయ్యని అడిగింది. "ఎలా ఉందండీ పాట?"

అత్తయ్య నోరు తెరిచింది. స్పీకర్లోంచి తుమ్ము. మా ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా తుమ్ము వినిపిస్తే ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగాలి. తాగింది. మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ తుమ్ము. సగం బిందె ఖాళీ అయింది గానీ అభిప్రాయం మాత్రం బయటికి రాలేదు. నేనూ మా ఆయనా కూడా చెప్పబోయి, తాగి కూర్చున్నాం. గిరి తల పట్టుకుని మూల కూలబడ్డాడు. ఆ ముఖం చూస్తే నాకు జాలేసింది. అందుకని అతనికీ ఓ గ్లాసు ఇచ్చా.

పాట అయిపోయేసరికి హిమజ నవ్వలేక పొట్ట పట్టుకుంది. "ఇన్నాళ్ళూ మా కంపెనీ పాటలు విన్నవాళ్ళలో ఒక్కరు కూడా కుర్చీలోంచి లేవలేదండీ. మీరు ఏకంగా కుక్కర్నే పాతిపెట్టారు! ఇంతకంటే మంచి అభిప్రాయం ఏముంటుంది? గిరిధర్ గారూ, ఆల్బం మేమే బయటికి తెస్తాం. శబ్దం అక్కడక్కడా మురికిగా ఉంది. కాస్త శుభ్రం చేసి సాయంత్రానికల్లా పంపండి."

గిరి ఎగిరి గంతేశాడు. ఆమెని బస్సెక్కించడానికి వెళ్ళాడు.

"పిల్లాడు అలిసిపోయాడు, వాడొచ్చేలోపు ఆ శుభ్రమేదో మనం చేసేద్దాం" అన్నారు మామయ్యగారు. ఇంకేముంది! అత్తయ్య కుంకుడుకాయలు కొట్టింది. మామయ్యగారు లాప్‌టాప్‌ని బకెట్లో నానబెట్టారు. నేను మీటల సందులన్నీ పాత బ్రష్షుతో తోమా. మా ఆయన బాగా జాడించి, తీగ మీద ఆరేసి, ఎగిరిపోకుండా క్లిప్పులు పెట్టారు.

గిరి వచ్చాడు. చూశాడు. "వదినా! పాటలన్నీ అందులోనే ఉన్నాయి! కంపెనీకి పంపిన ఆ ఒక్కటి తప్ప ఇంకెక్కడా లేవు!"

"తెలుసయ్యా. అందుకేగా లోపలికంటా నీళ్ళు పోశాం."

క్లిప్పులు పీకి, లాప్‌టాప్ దింపి మీట నొక్కాడు. చప్పుడు లేదు. మామయ్యగారు చెవి ఆనించి విని, "చూశావా, ఒక్క మరక లేదు" అన్నారు. అంతే, గిరి గచ్చు మీద చతికిలబడి బావురుమన్నాడు.

మాకందరికీ ఏడుపొచ్చేసింది. ఇంత కష్టపడి ఉతికితే సంతోషిస్తాడనుకున్నాం గదా!

"సాయంత్రానికి ఆరదేమోనని బెంగే పిల్లాడికి" అంది అత్తయ్య కళ్ళొత్తుకుంటూ.

నిజమే కదా అనిపించింది. ఇక అతని బాధ చూడలేక, గబగబా ఇస్త్రీ పెట్టె బాగా వేడి చేసి తెచ్చి, ఎక్కడా ముడత లేకుండా ఆ లాప్‌టాప్‌ని రెండు వైపులా గట్టిగా రుద్దేశాను.