దవ్వులూరు భగ్గుమన్న రోజు

ఒకప్పుడు ఆకాశంలో ఏ వెలుగూ హెచ్చేది కాదు, తగ్గేది కాదు. పెట్టిన దీపం పెట్టినట్టే ఉండేది.

ఆ రోజుల్లో అన్నిటికంటే దూరాన ఒక చుక్కల ఊరు ఉండేది. పేరు దవ్వులూరు. కోట్ల చుక్కలున్న పెద్ద ఊరే. కానీ ఎంత దూరమంటే, భూమ్మీదికి ఒకే ఒక్క చుక్కలా కనిపించేది.

మన పాలపుంతకు చుక్కలంటే మహా ఆశ. "అదిగో, అది కూడా నా పిల్లే! దానికి నా ఇంటిపేరే పెట్టండి" అంది.

దవ్వులూరుకు ఒళ్ళు మండింది. "నేను నీ పిల్లనా? నాకే కోట్ల పిల్లలున్నారు!"

ఆకాశం తీర్పు చెప్పింది. "భూమ్మీద ఒక్కరైనా నిన్ను ఊరని గుర్తుపడితే నీ పేరు నీదే. లేదంటే పాలపుంత పిల్లవే."

దవ్వులూరు నడిమధ్యన ఒక పెద్ద నల్లటి గుంత ఉంది. వాడి పేరు నల్లబొజ్జ. దగ్గరికొచ్చినదాన్నల్లా మింగేసే తిండిపోతు. వాడంటే ఊరికి సిగ్గు. అందుకే పస్తు పెట్టి, ఎవరికంటా పడకుండా దాచేది.

ఆ రోజు వాడే నోరు తెరిచాడు. "ఒక్కపూట కడుపునిండా పెట్టండి. ఊరి పరువు నేను నిలబెడతా."

ఇంక దారి లేక చుక్కలన్నీ కలిసి పెద్ద పెద్ద మబ్బుల్ని వాడివైపు తోశాయి. మబ్బులు వాడి నోటి చుట్టూ గిర్రున తిరిగాయి. ఒకదాన్నొకటి రాసుకుని, కాగి కాగి, లోపల పడేలోపే భగ్గుమన్నాయి!

ఆ వెలుగు నడిచి నడిచి, యుగాల తర్వాత భూమిని చేరింది. ఆకాశానికి తొందరేముంది, అంతవరకూ ఆగింది.

అప్పుడే కమ్మరి వీరాచారి భార్య కనకవ్వ, కొలిమి తిత్తి వదిలి బయటికొచ్చింది. రోజూ పొద్దుగూకగానే గోడమీద బొగ్గుతో బొట్లు పెట్టడం ఆమె అలవాటు. పెద్ద చుక్కకు పెద్ద బొట్టు, చిన్న చుక్కకు చిన్న బొట్టు.

"ఏమయ్యా, ఇటు రా. ఈ చుక్క నిన్నటికంటే పెద్దగైంది."

"నిన్న నువ్వే బొట్టు చిన్నగ పెట్టినవ్" అని నవ్వాడు వీరాచారి.

"నలభై ఏండ్ల సంది ఇనుము కాగుడు చూస్తున్న కన్నిది, తప్పుతదా? పక్క చుక్కలు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. ఇదొక్కటే ఎగిసింది. చుక్కైతే ఇట్ల ఎగుస్తదా? అది కొలిమి!"

"అంత దూరంల కొలిమా?"

"కొలిమి ఉన్నదంటే ఊరున్నట్టే గద! ఊరు లేనికాడ కొలిమి ఎవడు పెడ్తడు?"

నిజానికి అక్కడ కొలిమీ లేదు, కమ్మరీ లేడు. అయితేనేం, కనకవ్వ ఊరని అననే అంది! పాలపుంత మూతి ముడుచుకుంది. "పేరు నీదే" అంది ఆకాశం. దవ్వులూరు నల్లబొజ్జను అందరికీ చూపించి, "వీడు మావాడు!" అని గట్టిగా అరిచింది. ఆ మాట అనడం దానికి అదే మొదటిసారి.

అప్పటినుంచే దూరాన ఉన్న చుక్కల ఊళ్ళు తమ నల్లబొజ్జల్ని దాచుకోవడం మానేశాయి. మేత దొరికినప్పుడల్లా ఉన్నట్టుండి భగ్గుమంటాయి, మళ్ళీ తగ్గుతాయి, మేమూ ఊళ్ళమేనని ఇవాళ్టికీ తలెత్తుకుని చెబుతూనే ఉంటాయి.