స్కేలు వాలదు

ముద్దాడ గవరయ్య ఇంట్లో మగవాళ్ళు ముగ్గురు. ఊరిలోని తెలివంతా తమ ముగ్గురి దగ్గరే ఉందని వాళ్ళ నమ్మకం. గవరయ్య ఏ మాటా పొల్లుపోనివ్వడు. ఒకసారి పంచాయతీ ఆఫీసు గుమ్మం మీద 'చెప్పులు బయట వదలవలెను' అని చదివి, ఆ రోజు కాళ్ళకి చెప్పులు లేనందువల్ల ఇంటికెళ్ళి తొడుక్కొచ్చి మరీ వదిలాడు. పెద్దకొడుకు అప్పన్న తండ్రి మాట దాటడు. చిన్నకొడుకు తాతారావు ఇంటర్ లెక్కలు మూడుసార్లు రాశాడు. కాబట్టి ఇంట్లో అందరికంటే మూడింతలు చదువుకున్నవాడు.

నాలుగో బుర్ర అప్పన్న పెళ్ళాం నీలవేణిది. దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

నీలవేణికి అయిదు నెలల కూతురుంది, పేరు మల్లిక. నెలకోసారి అంగన్‌వాడీలో పిల్లని తూచే రోజున ఇల్లంతా కదిలేది. గర్భిణులను తూచే మిషను మీద మగవాళ్ళు ముగ్గురూ ఎక్కి, తమ బరువులు కూడా రాయించుకునేవారు.

"ఏం, మగాళ్ళు ఎదగరా ఏటి?" అనేవాడు గవరయ్య.

ఆ నెల వరాలమ్మ టీచరు మల్లిక కార్డు తీసింది. నెలకో చుక్క. చుక్కలన్నీ కలిపితే పైకి లేస్తున్న వంపు గీత. చివరి చుక్క దగ్గర గీతకి తగిలేలా స్కేలు ఆనించింది.

"చూడు నీలవేణీ, స్కేలు ఎంత నిటారుగా లేస్తే, ఇప్పుడు పిల్ల అంత జోరుగా పెరుగుతున్నట్టు. నెలకి ఏడు వందల గ్రాములు. ఇది ఇప్పటి జోరు మాత్రమే. ముందుముందు వంపు వాలుతుంది. స్కేలు వాలదు కదా."

అందులో చివరి మాట ఒక్కటే గవరయ్య చెవికెక్కింది. అంతే. ఇంటికి రాగానే కార్డుని గోడకి మేకుతో కొట్టి, స్కేలు చూపిన దారినే బొగ్గుతో గీత పొడిగించారు. గీత గోడంతా పాకి కప్పుకి తగిలింది. తాతారావు నిచ్చెనేసుకుని అడ్డొచ్చిన పెంకులు తీసేశాడు.

"ఇరవయ్యో ఏటికి నూట డెబ్బై కేజీలు నాన్నా."

"ఈ గుమ్మంలో పట్టదురా," అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, అప్పన్న గునపం తెచ్చి ద్వారబంధం పీకేశాడు. సాయంత్రానికి ఇంటికి పైన పెంకుల్లేవు, ముందు తలుపు లేదు.

"మావయ్యా, చంటప్పుడు మీరూ ఇలాగే పెరిగుంటారు. మరి మీరు నూట డెబ్బై లేరేం?" అంది నీలవేణి.

"మా కాలంలో స్కేళ్ళెక్కడివి?" అన్నాడు గవరయ్య.

ఆ జోరు ఎలా తగ్గించాలా అని ముగ్గురూ కూచుని ఆలోచించారు. పిల్ల తాగేది తల్లి పాలు. తల్లి తినేది అన్నం. కాబట్టి తల్లికి తగ్గించాలి. ఆ రాత్రి నుంచి నీలవేణికి ఒంటిపూట తిండి. అంగన్‌వాడీలో ఆమెకిచ్చే గుడ్డు అప్పన్నకి, పాలు తాతారావుకి, రాత్రి అన్నం గవరయ్యకి వెళ్ళాయి.

"వృథా చెయ్యకూడదు కదా," అన్నాడు మామగారు, రెండో కంచం ముందుకి లాక్కుంటూ.

పాలు చాలక మల్లిక ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. నీలవేణి మొగుడిని అడిగింది.

"నాన్న లెక్క నాన్నది. ఒక్క నెల ఓర్చుకో," అన్నాడు అప్పన్న, గుడ్డు ఒలుచుకుంటూ.

మరుసటి నెల మల్లిక మూడు వందల గ్రాములు తగ్గింది. వరాలమ్మ టీచరు స్కేలు ఆనిస్తే అది కిందికి చూసింది. "తల్లికి తిండి పెట్టకపోతే ఇంతే," అని ముగ్గురినీ కడిగేసింది. ముగ్గురూ స్కేలునే చూస్తున్నారు. ఇంటికొచ్చి గీత పొడిగిస్తే నేలకి తగిలింది.

"ఇరవై నెలలకి పిల్ల సున్నా," అన్నాడు తాతారావు.

"ఆ తరవాత?"

"మైనస్."

"మైనస్ పిల్లంటే ఏటిరా?"

"ఇంకా పుట్టని పిల్ల నాన్నా."

గవరయ్య కంగారు పడిపోయాడు. మైనస్ ఎందాకా పోతుందో చూడాలని గోడ వారగా నడుంలోతు గొయ్యి తవ్వించాడు. గీత ఇంకా కిందికే పోతోంది. చివరికి తాతారావుకి ఉపాయం తట్టింది. మేకు మీద కార్డుని పక్కకి తిప్పాడు. గీత పైకి లేచింది.

"పిల్ల బాగుపడింది," అని ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ సంతోషంలో నీలవేణి పగటి అన్నంలో సగం కూడా తినేశారు.

అప్పటిదాకా నీలవేణి వాళ్ళకి బుద్ధి చెప్పాలని చూసింది. ఇక ఆ ప్రయత్నం మానుకుని బొగ్గు తీసుకుంది.

"మీ చుక్కలు కూడా పెడతాను మావయ్యా. పోయిన నెల అరవై రెండు, ఈ నెల అరవై అయిదు." రెండు చుక్కలకీ స్కేలు ఆనించి గీత లాగింది. అది పెంకుల కంతలోంచి బయటికి చూపించింది. "నెలకి మూడు. పదేళ్ళకి నాలుగు వందల పాతిక కేజీలు."

గవరయ్య ఆ కంతకేసి తలెత్తి చూశాడు. "అంత బరువైతే నా పాడె ఎవరు మోస్తారే?"

"అదే నాకూ బెంగగా ఉంది. స్కేలు వాలదు కదా."

అంతే. గవరయ్య రెండో కంచాన్ని పాముని చూసినట్టు చూసి, కోడలి వైపు తోసేశాడు. గుడ్డూ పాలూ కూడా వెనక్కొచ్చాయి. నెల తిరిగేసరికి మల్లిక కొలతలో స్కేలు మళ్ళీ పైకి లేచింది. గవరయ్య మాత్రం అదే అరవై అయిదు. వరాలమ్మ టీచరు ఆయన బరువులకీ చుక్కలు పెట్టి, చివరి రెండింటి మీద స్కేలు పెడితే అది పడుకున్నట్టుగా ఉంది.

"పెరగటం లేదు, తరగటం లేదు. మీ వాలు సున్నా గవరయ్య గారూ. దిగులు లేదు."

గవరయ్య ఇంటికి వచ్చి నేరుగా గోతిలో దిగి కూచున్నాడు. కొడుకులిద్దరూ గట్టు మీద కూలబడి బావురుమన్నారు. "ఇరవై నెలలు పడుతుందనుకున్నాం, నాన్న ఈ రోజే సున్నా అయిపోయాడు."

ఏడుపు మధ్యలో పొద్దు వాలింది. గోతిలోంచి గొంతు వినబడింది.

"ఒరే అప్పన్నా, ఆకలేస్తోందిరా."

"సున్నాకి ఆకలేంటి నాన్నా," అన్నాడు అప్పన్న ముక్కు చీదుకుంటూ. తండ్రి కంచం తీసుకెళ్ళి పెళ్ళాం ముందు పెట్టాడు. "నువ్వు తినేయే. వృథా చెయ్యకూడదు కదా."

నీలవేణి ఒడిలో మల్లికని సర్దుకుని, రెండో కంచం ముందుకి లాక్కుంది.