ఓజోను మింగిన భద్రాచలం

రండి రండి, ఇలా ముందుకు జరిగి కూర్చోండి. గోడకి ఆనుకున్న పెద్దాయనా, మీరు కూడా. దూరంగా కూర్చుంటే నవ్వు ఆలస్యంగా అందుతుంది. అమ్మా, ఒళ్ళో పిల్లని కాస్త గట్టిగా పట్టుకో, మధ్యలో నవ్వి జారవిడిచేవు. అందరూ ఒక్కసారి రామయ్యకి దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇక వినండి. ఇది గవ్వలపాడు ఉలవలవారి కథ. వాళ్ళు మా అమ్మమ్మగారి వైపు చుట్టాలు. అదుగో, అప్పుడే నన్నలా చూడకండి! ఆ రక్తం నాకు కొంచెమే వచ్చింది.

ఉలవలవారికి పెద్ద ఆస్తులు లేవు గాని తెలివి ఉందని మహా గర్వం. "ఊళ్ళో జనం ఒకటి చెబితే ఇంకొకటి అర్థం చేసుకుంటారు. మేం చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకుంటాం" అని రచ్చబండ దగ్గర గొప్పలు పోయేవారు. ఇంటికి పెద్ద భద్రాచలం. ఆయన భార్య అంకాలమ్మ. ఆయన తమ్ముడు గురవయ్య. ఓసారి వదినగారు "అబ్బాయ్, జొన్నచేను మీద ఓ కన్నేసి ఉంచు" అంటే, గురవయ్య రెండో కంటికి గుడ్డ కట్టుకుని పొద్దుగూకేదాకా గట్టున కూర్చున్నాడు. కట్టిన కంటి వైపునుంచి చిలకలొచ్చి చేను తినిపోయాయి. "అటువైపు చూడమని వదిన చెప్పలేదుగా!" అన్నాడు. "నిజమేరా" అని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు.

అంత తెలివిగల ఇంట్లో భద్రాచలానికి ఒకటే బాధ. కడుపు. తింటే ఉబ్బరం, తినకపోతే మంట. పచ్చిమిరపకాయ పచ్చడి లేనిదే ముద్ద దిగదు, దిగిన ముద్ద ఊరుకోదు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. ఆయన వీధిలో నడిచొస్తుంటే ముందు త్రేన్పు వచ్చేది, తరవాత ఆయన వచ్చేవాడు.

పోనీ, ఎవరి కడుపు వాళ్ళది అని ఊరుకోవచ్చు. కాని ఈ కడుపుకి ఒక మర్యాద ముడిపడి ఉంది. గవ్వలపాడులో సీతారాముల కల్యాణం నాటి అన్నదానంలో తొలి విస్తరి ఉలవలవారిది. ఆ ఇంటి పెద్ద స్వామి ఎదురుగా కూర్చుని, వడ్డించినదంతా తృప్తిగా తిని లేచాకే ఊరు బంతికి కూర్చోవాలి. తాతలనాటి ఆచారం. కిందటేడు భద్రాచలం సగం విస్తట్లోనే పొట్ట పట్టుకుని లేచిపోయాడు.

ఇంకేముంది! ఆ విస్తరి మీద ఎప్పణ్ణుంచో కన్నేసిన అదే ఊరి చింతా నరసయ్య మీసం దువ్వాడు. "తినలేని ఇంటికి తొలి విస్తరెందుకండీ? మాకిచ్చెయ్యండి. మా ఇంట్లో పిల్లి కూడా గారెలు అరిగించుకుంటుంది."

పూజారి శేషాచార్యులుగారు మెత్తని మనిషి. "వచ్చే కల్యాణం దాకా ఆగుదాం. అప్పుడూ తినలేకపోతే విస్తరి నరసయ్యదే" అన్నారు.

ఆ మాట భద్రాచలం గుండెలో ముల్లులా ఉండిపోయింది. పరువు సంగతి కాదు. మా తాత, మా నాన్న రాముడి ఎదుట కూర్చుని తిన్న చోటు నా పాడు పొట్ట మూలంగా పోతుందా అని ఆయన దిగులు. రోజూ స్వామి ముందు నిలబడి, "సముద్రం మీద వారధి కట్టించావు, నా పేగుల మీద కాస్త దయ చూపించలేవా తండ్రీ" అని మొరపెట్టుకునేవాడు.

కల్యాణం దగ్గరపడుతోందనగా పక్క టౌన్లో ఒక కొత్త క్లినిక్కు తెరిచారు. పాత కడుపు జబ్బులకి ఓజోను వైద్యం అని బోర్డు. ముగ్గురూ బస్సెక్కి వెళ్ళారు. డాక్టరు నున్నగా దువ్విన క్రాఫుతో నవ్వుతూ, "గ్యాసు ట్రబులా? గ్యాసుతోనే వెళ్ళగొడదాం" అన్నాడు.

భద్రాచలం భార్య చెవిలో గొణిగాడు. "ఇంట్లో దొంగ దూరితే ఇంకో దొంగని పంపినట్టు లేదుటే?"

"నోర్ముయ్యవయ్యా, చదువుకున్నాయన" అంది అంకాలమ్మ.

"ఓజోనంటే మామూలు గాలి కాదమ్మా" అన్నాడు డాక్టరు. "పైన ఆకాశంలో భూమికి గొడుగులా ఉంటుంది. ఎండ దెబ్బ తగలకుండా మనందర్నీ కాసేది అదే. దాన్నే మేం మిషన్లో తయారుచేసి పేగుల్లోకి పంపిస్తాం. పాత రోగాలన్నీ పారిపోతాయి."

"పారిపోయి ఎక్కడికెళ్తాయి బాబూ? మా పెరట్లోకి రావుగదా?" అని అంకాలమ్మ అడిగింది.

డాక్టరు దగ్గాడు. "రేపు ఖాళీ కడుపుతో, వదులు బట్టలతో రండి. వెనక దారిన ఎక్కిస్తాం."

అంతే. చెప్పింది చెప్పినట్టు చేసే వంశం కదా! మర్నాడు భద్రాచలం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అయినా అంకాలమ్మకి అనుమానం. "ఖాళీ అంటే ఖాళీయే" అంది. గురవయ్య అన్నగారిని తలకిందులుగా పట్టుకుని, ఉలవల డబ్బా దులిపినట్టు దులిపి చూశాడు. చుట్ట ముక్క ఒకటి రాలింది, అదీ జేబులోంచి. వదులు బట్టలంటే ఎంత వదులో డాక్టరు చెప్పలేదు గనక, ఊరి శామియానా గుడ్డ అడిగి తెచ్చి చొక్కా కుట్టేశారు. ఆ చొక్కాలో భద్రాచలం ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

క్లినిక్కు దగ్గర దిగి, ముందు గుమ్మం వైపు కన్నెత్తి చూడకుండా ముగ్గురూ సందులోంచి వెనక్కి వెళ్ళారు. అక్కడ మురిక్కాలవ, దాని పక్కన ఒక పిట్టగోడ. "వెనక దారిన ఎక్కిస్తామన్నారు. ఎక్కు అన్నాయ్" అన్నాడు గురవయ్య. భద్రాచలం గోడెక్కి కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నా ఓజోను రాలేదు, దోమలొచ్చాయి. చివరికి నర్సమ్మ చెత్త పారబోయడానికొచ్చి, గోడ మీద శామియానా చూసి కెవ్వుమంది. సంగతి విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అంకాలమ్మ చెవిలో వెనక దారంటే ఏ దారో చెప్పింది. అంకాలమ్మ మొగుడి చెవిలో చెప్పింది.

ఇంకేముంది! భద్రాచలం మొహం ముందు తెల్లబడింది, తరవాత ఎర్రబడింది. గోడ దూకి పరుగో పరుగు. వెనకాల శామియానా తెరచాపలా లేచింది. బస్సుకంటే ముందు ఊరు చేరాడు.

ఇంటి అరుగు మీద కూర్చుని రొప్పుతుంటే, వెనక బస్సు దిగొచ్చిన గురవయ్య బుర్రకి పదును పెట్టాడు. "అన్నాయ్, డాక్టరేమన్నాడు? ఆకాశంలో ఉంటుందన్నాడా లేదా? పైన ఊరికే ఉన్నదాన్ని మిషన్లో చేయించుకోవడమేంటి? దేవుడు ముందు దారి ఇచ్చాడు కదా, నోరు! పైకెక్కి తెరిస్తే సరి."

"నువ్వు పుట్టినప్పుడే అనుకున్నానురా, ఈ ఇంటికి దీపమని" అంటూ భద్రాచలం తమ్ముణ్ణి కౌగలించుకున్నాడు.

ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయింది మంచినీళ్ళ ట్యాంకు. నిచ్చెన మెట్లు పట్టుకుని భద్రాచలం పైకెక్కి, దక్షిణంగా తిరిగి బాసింపట్టు వేసి, ఆకాశం కేసి నోరు తెరిచాడు. కింద నుంచి గురవయ్య అజమాయిషీ.

"ఇంకా తెరువన్నాయ్! నాలుక అడ్డొస్తోంది, తీసెయ్!"

"తీసి ఎక్కడ పెట్టమంటావురా?"

"జేబులో పెట్టుకో!"

ఒక కాకి ఆ నోట్లోకి తొంగి చూసి, గూడుకి పనికొస్తుందా రాదా అని ఆలోచించి, కంపు భరించలేక ఎగిరిపోయింది. భద్రాచలం గాలి మింగాడు, మింగాడు, మింగాడు. పొట్ట డోలులా ఉబ్బింది. "ఎక్కుతోందిరోయ్!" అని సంబరం. అంకాలమ్మ కింద కొబ్బరికాయ కొట్టింది.

అటుగా వెళ్తున్న సైన్సు మాస్టారు సంగతి విని వేళాకోళానికి అన్నాడు. "భద్రాచలంగారూ, మనుషులు చేసిన పాపానికి ఓజోను పొరకి దక్షిణాన ఇప్పటికే పెద్ద చిల్లు పడింది. మిగిలింది మీరు తాగేస్తారా ఏం?" నవ్వుకుంటూ సైకిలెక్కి పోయాడు.

భద్రాచలం నోరు టక్కున మూసుకున్నాడు. దక్షిణానా? తను కూర్చున్నదే దక్షిణంగా! పైకి చూశాడు. పొట్ట నిమురుకున్నాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. "అయ్యో రామా! జగమంతటికీ నువ్వు పట్టిన గొడుగు, నేను ఫలహారంలా తినేశానా? ఊరంతా ఎండకి మాడిపోతే? నరసయ్య తొలి విస్తరి అడిగాడంటే అడగడూ! నాలాంటి తిండిపోతు వెధవకి కడ విస్తరి కూడా దండగే."

అంతే. మింగినదంతా స్వామికి తిరిగి ఇచ్చేద్దామని నిశ్చయం చేసుకున్నాడు. పొద్దునా సాయంత్రమూ ట్యాంకెక్కడం, ఆకాశం కేసి మొహం పెట్టి త్రేన్చడం, "ఇదిగో తండ్రీ, నీ సొమ్ము నీకే" అని దండం పెట్టి దిగడం. అంకాలమ్మ పచ్చడి జాడీ అటక మీద పెట్టేసింది. "పాపం మోస్తున్నవాడికి కారమేంటి?" అని మజ్జిగన్నమే పెట్టింది. ఆయన కూడా ముద్దముద్దకీ రామనామం చెప్పుకుంటూ, ఏడుస్తూ, నెమ్మదిగా నమిలేవాడు. ఏడుస్తూ గబగబా తినలేడు కదా!

నరసయ్య కింద నుంచి కేకేశాడు. "ఏం బావా, ఈ పూట జమ ఎంత?"

"నా పాపం నువ్వు నవ్వి పెంచకు బావా, అసలే త్రేన్పులు తగ్గిపోతున్నాయి!" అని పైనుంచి భద్రాచలం గోడు. నిజంగానే తగ్గిపోతున్నాయి. ఉబ్బరం లేదు, మంట లేదు. ఆ వెర్రిబాగులవాడికి తన కడుపు బాగుపడిందని తెలియలేదు, బాకీ తీరకుండానే గాలి అయిపోతోందని బెంగ!

కల్యాణం రోజు రానే వచ్చింది. తలంబ్రాలయ్యాయి. స్వామి ఎదురుగా తొలి విస్తరి వేశారు. పులిహోర, గారెలు, పప్పు, చక్రపొంగలి, అప్పడం. నరసయ్య పక్కనే చెయ్యి కడుక్కుని నిలబడ్డాడు. భద్రాచలం స్వామికి దండం పెట్టి కూర్చున్నాడు. ముద్ద ముద్దకీ రాముణ్ణి తలుచుకుంటూ తిన్నాడు. పులిహోర అయిపోయింది, గారెలు అయిపోయాయి, పొంగలి అయిపోయింది. ఊరు ఊపిరి బిగబట్టింది. చివరి మెతుకు కూడా నోట్లోకి వెళ్ళింది. శేషాచార్యులుగారి కళ్ళు చెమర్చాయి. "తృప్తేనా నాయనా?"

అప్పుడు బయల్దేరింది లోపల్నుంచి ఒక త్రేన్పు. మామూలుది కాదు, తృప్తిగా తిన్నవాడి త్రేన్పు.

"ఆపన్నాయ్!" గురవయ్య గావుకేక పెట్టాడు. "ఇక్కడొద్దు! అది పైవాడి సొమ్ము!"

ఇంకేముంది! అంకాలమ్మ ఒక్క గెంతున వచ్చి మొగుడి నోరు మూసింది, ఇంకో చేత్తో ఎంగిలి విస్తరి ఊళ్ళో కుక్కలు లాక్కుపోకుండా పట్టుకుంది. గురవయ్య అన్నని భుజాన వేసుకున్నాడు. ముగ్గురూ ట్యాంకు వైపు పరుగు. వెనకాల పూజారిగారు, ఆయన వెనక ఊరు, అందరికంటే వెనక తడి చేత్తో నరసయ్య. "త్రేన్చవయ్యా మహానుభావా, ఊరికి ఆకలేస్తోంది!" అని ఆచారిగారు మొత్తుకున్నారు.

ముగ్గురూ పైకెక్కాక, ఆకాశం కేసి తిరిగి త్రేన్చాడండీ భద్రాచలం! కొండ మీద పిడుగు పడినట్టు. సరిగ్గా అప్పుడే, చైత్రమాసపు మబ్బొకటి అటు వచ్చి, నాలుగు చినుకులు ఆయన ముక్కు మీద రాల్చింది.

"అన్నాయ్! చిల్లు ఇక్కడే ఉంది, కారుతోంది!"

"అతుకెయ్యండ్రా, అతుకు!" అని భద్రాచలం కేక. అంకాలమ్మ చేతిలోని తొలి విస్తరి అందించింది. గురవయ్య దాన్ని ట్యాంకు మీదున్న జెండా కర్ర పీకి, దాని కొసకి గుచ్చి, పైకెత్తి, ఆకాశానికి అదిమిపెట్టాడు. వేసవి మబ్బు కదా, దారిన పోయేది, పోయింది. చినుకులు ఆగాయి.

ఊరంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. నరసయ్య కూడా నవ్వాడు. "బాబూ, ఆ విస్తరి మీకే ఉండనీ. అంత ఎత్తుకి నేనెక్కలేను" అన్నాడు. "తృప్తిగా తిన్నాడు, విస్తరి ఉలవలవారిదే" అన్నారు ఆచారిగారు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మాట పైవాళ్ళకి వినబడితేనా! గురవయ్య కర్ర పట్టుకుని చేతులు పీకుతున్నా దించడు. "అన్నాయ్, ఒక్క మాట" అన్నాడు ఆలోచనగా. "మొత్తం మూసేస్తే దేవుడికి ఉక్కపోస్తుందేమో. చిన్న కన్నం వదలమంటావా?"

నవ్వండి, నవ్వండి. నేనూ నవ్వుతున్నాను, మా చుట్టాలే కదా! అయితే ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. అందరిదీ ఒకటి తను తినేశానని అనుకోగానే, ఎవరూ అడక్కుండానే తిరిగి ఇవ్వడానికి బయల్దేరాడు ఆ వెర్రి భద్రాచలం. మీరూ ఇంటికెళ్ళి, మీ దగ్గరుండిపోయిన పరాయి వస్తువేదో వెతికి, రేపు పొద్దున్నే తిరిగి ఇచ్చిరండి. ట్యాంకు మాత్రం ఎక్కకండి. జై సీతారామ!