గాజుగిన్నెలోని ప్రశ్న

ఆచార్య కనకవల్లి దగ్గర శస్త్రచికిత్స నేర్చుకున్న యామిని ఒకనాడు గురువును నిలదీసినంత పని చేసింది.

"మేడమ్, భ్రమరాంబగారు ఆపరేషన్ థియేటర్ కట్టిస్తామంటే, ఆ సొమ్ము పరిశోధనకివ్వమని మీరు అడగడం న్యాయమా? బయట ఆడవాళ్లు నొప్పితో మెలికలు తిరుగుతుంటే, ఎప్పటికి తేలుతుందో తెలియని ప్రశ్నకు డబ్బు పోస్తామా?"

కనకవల్లి వాదించే మనిషి కాదు. "వాళ్లు వస్తున్నారు. నువ్వూ ఉండు" అంది.

భ్రమరాంబ కూతురు హైమవతితో వచ్చింది. హైమ బడిపంతులమ్మ. నెలనెలా ఆ రోజుల్లో నల్లబల్లకు ఒరిగి, పళ్లు బిగబట్టి పాఠం చెప్పేది. పెళ్లయితే పోతుందన్నారు, బిడ్డ పుడితే పోతుందన్నారు. చివరికి అది ఎండోమెట్రియోసిస్ అని తేలింది. గర్భాశయం లోపల ఉండే పొరలాంటిదే బయట పేగుల మీదా అండాశయాల మీదా మొలిచే జబ్బు. కనకవల్లే కోసి తీసింది. ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చింది. కిందటి వారం మళ్లీ తీసింది.

"అంత శుభ్రంగా తీశారు కదా, మళ్లీ ఎందుకొచ్చిందండీ?" అని అడిగింది భ్రమరాంబ.

"నాకు తెలియదమ్మా" అంది కనకవల్లి.

ఆ మాట అంత పెద్ద డాక్టరు నోట వినడం ఆమెకు కొత్త. బిత్తరపోయి చూసింది. కనకవల్లి వాళ్లను పక్కనున్న పరిశోధన గదిలోకి తీసుకెళ్లి, కణాలను బతికించే ద్రవం పోసిన ఓ గాజుగిన్నెను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. "ఇది నీలోంచి తీసిందే, తల్లీ. చూడు" అంది హైమతో.

హైమ భయపడుతూనే కన్ను ఆనించింది. మినపగింజంత ముక్క. దాని అంచుల్లోంచి సన్నటి కణాలు చేతులు చాచుకుంటూ, ఒకదాన్నొకటి పట్టుకుని, ఖాళీ గాజు మీదికి పాకి వెళుతున్నాయి.

"బతికే ఉందా?"

"ఉంది. నిన్న అంచు దాటలేదు."

"ఒంట్లోంచి తీసేశాక కూడా..." హైమ కన్ను తీయకుండానే అంది. "ఇన్నాళ్లూ నన్ను తినేసింది ఇదా? ఇంత అందంగా ఉందేమిటండీ! దారి తెలిసినట్టు పోతోంది. దీనికి ఎవరు చెప్పారు?"

"అదే ఎవరికీ తెలియదు."

భ్రమరాంబ కూడా చూసింది. చూస్తూ చూస్తూ, తనకు తెలియకుండానే చేతులు జోడించింది. కూతురి భుజం పట్టుకుని, "థియేటర్ తర్వాత కట్టుకుందాం డాక్టరమ్మా. ముందు దీని సంగతి కనుక్కోండి" అంది.

తల్లీకూతుళ్లు వెళ్లిపోయారు. యామిని ఆ గది గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"అయినా మేడమ్, మన కాలంలో జవాబు దొరక్కపోతే? వరుసలో ఉన్నవాళ్లకు ఏం చెబుతాం?"

"వాళ్లకు రేపు పొద్దున నువ్వూ నేనూ ఆపరేషన్లు చేస్తాం, ఎప్పటిలాగే" అంది కనకవల్లి. "ఎన్నో ముక్కలు కోసి ఈ గదికి పంపావు. ఒక్కసారైనా వచ్చి చూశావా?"

యామిని గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టింది.

గురువు లేచి, కుర్చీ ఆమె వైపు జరిపింది. "కూర్చో. అది ఇంకా కదులుతోంది."