పాట ఆగిన దిక్కు

అనగా అనగా, పడవలకు తెడ్లూ తెరచాపలూ తప్ప ఇంజన్లు లేని రోజుల్లో, గవ్వలపేట ఒడ్డున దాలమ్మ అనే మనిషి ఉండేది. నులకమంచాలు అల్లి బతికేది. ఆ ఊరి దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగకు అటూ ఇటూ రాళ్లే. ఓ మంచు పొద్దున ఆమె మొగుడి పడవ మొగ తప్పి రాళ్ల మీదికి పోయింది. ఆయన తిరిగి రాలేదు.

దాలమ్మకు తోడు ఒక పాత రేడియో. పట్నం స్టేషను సన్నగా వచ్చేది, దాని మీద పరాయి స్టేషనేదో ఎక్కి కూర్చునేది. దాలమ్మ కాలిపోయిన నీళ్ల మోటారులోంచి రాగితీగ తెచ్చి, మంచం చట్రానికి నులకలాగే చుట్టి, కొసలు రేడియోకు కలిపింది. చట్రాన్ని నిలబెట్టి తిప్పింది. రెండు గొంతులూ కలిసి వచ్చాయి. ఇంకాస్త తిప్పింది. పరాయి గొంతే మిగిలింది. ఇంకాస్త తిప్పింది. పట్నం గొంతు ఒక్కటే నిలిచింది.

పట్నం గొంతు మునిగిపోయే దిక్కు ఎప్పుడూ ఒకటేనని ఆమె కనిపెట్టింది. చట్రం లేకుండా, తమ్ముడు వేటకు తీసుకెళ్లే చిన్న రేడియో తిప్పినా అంతే.

తమ్ముడు కొర్లయ్యను పిలిచింది. "పాట ఆగేదాకా తిప్పరా. అప్పుడు రేడియో కొస పట్నం వైపుంటాది. పట్నం మన మొగకి సూటిగా ఎనకాలుంది. అటే నడిపితే మొగలోకొస్తావు."

"పాట ఇనడానికి గదప్పా రేడియో. ఆపడానికా?" అని కొర్లయ్య నవ్వాడు.

పడవలవాళ్లకు చెప్పింది. వాళ్లూ నవ్వారు. మళ్లీ తమ్ముడికే చెప్పింది. ఈసారి అతను నవ్వలేదు, అక్క ముఖం చూసి రేడియో అందుకున్నాడు.

ఒక పొద్దున పడవలన్నీ వేటలో ఉండగా మంచు దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఆడవాళ్లు పళ్లేలు మోగించారు. అలల హోరు ఆ చప్పుడును మింగేసింది. దాలమ్మ ఇసకలో కూర్చుని రేడియో వింటోంది. వార్తలు అవగానే ఆ పూటకు స్టేషను కట్టేస్తారు. ఆపైన తమ్ముడికి దిక్కు చూపే గొంతుండదు. 'గుర్తుందో లేదో' అనుకుంటూ ఆమె కొంగు నలుపుకుంది.

వార్తలు మొదలయ్యాయి. సగం అయ్యాయి. అప్పుడు మొగ నడిమధ్య నుంచి ఒక పడవ ముక్కు బయటికొచ్చింది. ముందు కొర్లయ్య, ఒళ్లో రేడియో. నీళ్లకేసి చూడ్డం లేదు. అటు కాస్తా ఇటు కాస్తా రేడియో తిప్పుతూ చేత్తో దారి చూపిస్తున్నాడు. వెనక తాడు పట్టుకుని ఒక పడవ, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మిగతావన్నీ.

దాలమ్మ మోకాలి లోతు నీళ్లలోకి ఎదురెళ్లింది.

"పాట ఆగేదాకా తిప్పానప్పా," అన్నాడు కొర్లయ్య.

ఆమె తడి చేతులతో తమ్ముడి ముఖం తడిమింది. తరువాత ఊళ్లో అందరికీ నేర్పింది. ముసలిదై, తన వేళకు తను పోయింది.

ఇప్పుడు పడవలకు ఇంజన్లున్నాయి, దారి చూపే మిషన్లున్నాయి. ఆ ఊళ్లో ఆడవాళ్లు పడవెక్కరు. కానీ కొత్త పడవ నీళ్లలో దించే రోజున, అందరికన్నా పేదింటి ముసలమ్మను చెయ్యిపట్టి ఎక్కించి, ముందు కూర్చోబెడతారు. ఒళ్లో రేడియో పెడతారు. ఆమె పాట ఆగేదాకా తిప్పుతుంది. ఆమె చెయ్యెత్తి దిక్కు చూపించేదాకా ఒడ్డునున్న మగవాళ్లెవరూ మాట్లాడరు.